ట్రాలీ మీద ఎండ

సముద్రం మీద బతికే ఇంట్లో పుట్టి, తెప్ప ఎక్కిన ప్రతిసారీ కడుపులో ఉన్నదంతా ఆ సముద్రానికే అప్పజెప్పి వచ్చినవాణ్ణి నేను. పేరు ఎల్లాజీ. వజ్రపుకొత్తూరు వైపు తీరం పొడుగునా ఉన్న పల్లెల్లో మాదొకటి. మీసం రాకముందే మా అయ్య నన్ను వేటకి తీసుకెళ్ళాడు. అలవాటైపోతుందిలే అనుకున్నాడు. నాకు అలవాటు కాలేదు. చివరికి ఒకరోజు అందరూ వల లాగుతూ ఉంటే ఆ వల మీదే కక్కేశాను. ఒడ్డుకొచ్చాక అయ్య మా అమ్మతో అన్న మాట మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"ఈడు సేపలకి మేతెయ్యడానికి పనికొస్తాడు గానే, పట్టడానికి పనికిరాడు."

అందుకని నన్ను నేల మీదకి తోలేశారు. నరసన్నపేటలో ఒక లారీకి క్లీనరుగా చేరి, తర్వాత డ్రైవరునై, ఆఖరికి టూరిస్టు బస్సు స్టీరింగు పట్టుకున్నాను. కాశీ, పూరీ, తిరుపతి, రామేశ్వరం, అరకు అన్నీ తిరిగాను. తిరిగాను అంటే బస్సు తిరిగింది, నేను అందులో ఉన్నాను. జనం దిగి దర్శనాలకి పోయేవారు. నేను సీటు కింద తువ్వాలు పరుచుకుని నిద్రపోయేవాణ్ణి. కాశీలో గంగ ఏ దిక్కున పారుతుందని అడిగితే ఇప్పటికీ చెప్పలేను. అక్కడ బస్సులు ఆపుకునే చోట నీడ ఎటుపక్క పడుతుందో మాత్రం చెప్పగలను.

మోకాళ్ళు క్లచ్చు తొక్కలేమని మొండికేశాక బస్సు మానేసి ఇంటికొచ్చాను. ఒకరోజు మా ఆవిడ గున్నమ్మ అరుగు మీద కూర్చుని చేపలు తోముతూ, తల ఎత్తకుండానే అంది:

"ఊరందరినీ తిప్పినావు. నన్ను నరసన్నపేట దాటించినావేటి, మావా?"

నిజమే. సీటు ఖాళీ ఉంటే దానికి డబ్బులిచ్చేవాడు దొరికేవాడు, సీటు నిండితే చోటుండేది కాదు. రెండు విధాలా గున్నమ్మకి కుదరలేదు. ఆ మాట నాకు గుచ్చుకుంది. మామూలు మనిషైతే మర్నాడు రైలు టిక్కెట్టు కొనేవాడు. నేను మామూలు మనిషిని కాను కదా, డ్రైవరుని. పాత జీపు ఒకటి కొన్నాను. దాని వెనకాల తగిలించడానికి ట్రాలీ ఒకటి చేయించాను. టెక్కలిలో వెల్డింగు, మా పెరట్లో చెక్కపని. లోపల ఇద్దరు పడుకునే బల్ల, గ్యాసు స్టవ్వు పెట్టుకునే చోటు, ఫ్యాను, లైటు, చిన్న టీవీ, బల్ల కింద ఒక బాటరీ. బయట నీలం రంగు. మా బావమరిది సోములు చుట్టూ తిరిగి చూసి, "బాగున్నాది బావా, కోళ్ళ గూడేనా?" అన్నాడు.

మొదటి ప్రయాణం కళింగపట్నానికి. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినవాళ్ళని తీసుకెళ్ళి ఇంకో సముద్రం ఒడ్డున దింపేవాడు ఎవడైనా ఉంటాడా అని మీరు అడగొచ్చు. గున్నమ్మ కూడా అడిగింది. అక్కడ లైటుహౌసు ఉందని చెప్పాను. సరుగుడు తోటలో జీపు ఆపాం. ఫ్యాను వేశాను, టీవీ పెట్టాను, ఇంక రాజాలాగా పడుకున్నాను. కాసేపటికి ఫ్యాను మూలిగి ఆగిపోయింది. బాటరీ అయిపోయింది. నాకు బాటరీల గురించి తెలియనిదేముంది? జీపు బాటరీ నుంచి వైరు లాగి ఫ్యానుకి కలిపాను. మళ్ళీ తిరిగింది. గున్నమ్మ వైపు గర్వంగా చూశాను. ఇంకాసేపటికి జీపు బాటరీ కూడా అయిపోయింది.

అప్పుడు అక్కడి చేపల వేటగాళ్ళని పిలవాల్సి వచ్చింది. జీపుని, ట్రాలీని కలిపి ఇసకలో నెట్టారు పాపం. స్టార్టయ్యేసరికి వాళ్ళలో పెద్దాయన చెమట తుడుచుకుంటూ గున్నమ్మని అడిగాడు: "ఎంతదూరం నించి నెట్టుకొస్తన్నారమ్మా?"

ఇంటికొచ్చే దారంతా ఆవిడ నవ్వు ఆపుకుంటోందని అద్దంలో కనబడింది.

అప్పుడు పట్టింది నాకు సోలారు పిచ్చి. శ్రీకాకుళంలో ఒక దుకాణానికి వెళ్ళి, ట్రాలీ పైకప్పుకి సరిపడే పలక ఒకటి తీసుకున్నాను. దుకాణమాయన దాంతోపాటు అరచేతిలో పట్టే పెట్టె ఒకటి చూపించి, "ఇది కూడా తీసుకోండి, చార్జ్ కంట్రోలరు. బాటరీ నిండగానే కరెంటుని ఇదే ఆపుతుంది" అన్నాడు. నేను నవ్వాను. ఆ నవ్వు ఎలాంటిదంటే, సముద్రం మీద తెప్ప నడిపేవాడికి ఎవరో చెరువులో ఈత నేర్పుతానంటే నవ్వే నవ్వు. తెప్ప మీద నా సంగతి మీకు తెలిసిందే కదా. "నా జీవితమంతా బాటరీల మధ్యే గడిచింది నాయనా" అని చెప్పి, పలక మాత్రం పట్టుకుని బస్సెక్కాను.

పలకని ట్రాలీ మీద బిగించాను. ట్రాలీ మా పెరట్లో ఉంది. మా పెరట్లో కొబ్బరి చెట్లున్నాయి. మా ఊరంతా కొబ్బరి చెట్లే. ఎండ పడుతూనే ఉంటుంది, కాని ఏదో ఒక మట్ట నీడ ఆ పలక మీద అడ్డంగా గీత గీసినట్టు పడి ఉంటుంది. ఒక్క మట్టే కదా అనుకున్నాను. ఆ ఒక్క మట్ట నీడకే పలక చేతులెత్తేస్తుందని నాకేం తెలుసు? రోజంతా ఎండలో ఉంచి, సాయంత్రం లైటు వేస్తే, అది వెలిగిందో లేదో చూడటానికి ఇంకో లైటు కావాల్సి వచ్చింది.

సరే, పలకని పైకప్పు మీంచి విప్పాను. పొడుగు వైరు కట్టి, పెరట్లో ఎండ ఎక్కడుంటే అక్కడికి మోసుకెళ్ళి పెట్టడం మొదలెట్టాను. పొద్దున్న కోళ్ళ గంప పక్కన, మధ్యాహ్నం నుయ్యి దగ్గర, పొద్దు వాలుతుంటే పక్కింటివాళ్ళ దడి పక్కన. టీ కొట్టు దగ్గర నాకో కొత్త పేరు పెట్టారు. "ఎల్లాజీ ఇప్పుడు సూరీడికి డ్రైవరైనాడ్రా" అనేవారు.

దాలమ్మ మా పక్కింటావిడ. మొగుడు లేడు. ఒక్కగానొక్క కొడుకు త్రినాథు, మా ఊరి మగాళ్ళు చాలామంది లాగే గుజరాత్‌లో వేరావల్ పోయి అక్కడి బోట్ల మీద పనిచేస్తున్నాడు. ఆవిడ చేపలు ఎండబెట్టి సంతల్లో అమ్ముకుంటుంది. ఒక మధ్యాహ్నం నేను అన్నం తిని వచ్చేసరికి నా పలక కనబడలేదు. పలక ఉండాల్సిన చోట వెండిలా మెరుస్తూ నెత్తళ్ళ చేపలు పరిచి ఉన్నాయి. ఒక్క అంగుళం కూడా ఒదలకుండా పరిచింది.

"ఓలమ్మా! అది సోలారే!" అని అరిచాను.

"ఏదైతే ఏటి? నునుపుగా ఉన్నాది, ఇసక అంటుకోదు, బేగి ఎండుతన్నాయి" అంది దాలమ్మ, కాకిని తోలుతూ. "ఇలాటిదింకోటి దొరుకుతాదేటి, అన్నా?"

నెత్తళ్ళు ఎత్తించి, పలకని సబ్బుతో కడిగి తుడిచాను. వాసన పోలేదు. ఆ తర్వాత దాన్ని ఎక్కడ పెట్టినా ఊళ్ళో పిల్లులన్నీ వచ్చి చుట్టూ కూర్చునేవి. ఎండ కోసం పెట్టిన పలక మీద పిల్లుల నీడ పడింది.

చివరికి పలకని పెరటి వెనక ఇసక దిబ్బ మీదకి మార్చాను. అక్కడ చెట్టు లేదు, దడి లేదు, దాలమ్మ లేదు. వేసవికాలం. బాటరీ రోజూ నిండేది. ఫ్యాను ఝామ్మని తిరిగేది. నేను ట్రాలీలో మధ్యాహ్నం నిద్ర పోయి, ఊళ్ళో కరెంటు పోయినప్పుడల్లా బయటకొచ్చి, "మాకున్నాదర్రా!" అని అరిచేవాణ్ణి. కొద్దిరోజులకి ట్రాలీలో కుళ్ళిన కోడిగుడ్డు వాసన మొదలైంది. నెత్తళ్ళ వాసనే అనుకుని దడి మీదుగా దాలమ్మని తిట్టాను. ఆవిడ నన్ను తిరిగి తిట్టింది. ఆవిడ తిట్లు నా తిట్ల కంటే బాగున్నాయి. గున్నమ్మ వచ్చి, బల్ల కింద ముక్కు పెట్టి చూసి, "మావా, దీనికి కడుపొచ్చినాది" అంది.

బాటరీ పొట్ట ఉబ్బి కూర్చుంది. నిండినా కరెంటు ఆపేవాడు లేక లోపల నీళ్ళన్నీ మరిగి ఆవిరైపోయాయి.

కొత్త బాటరీ కొనాలి. దాంతోపాటు ఆ చిన్న పెట్టె కూడా కొనాలి. కాని ఏ ముఖం పెట్టుకుని అదే దుకాణానికి వెళ్ళను? సోములుని పిలిచి చెప్పాను. "నా పేరు ఎత్తొద్దు. పెట్టె ఇమ్మని అడుగు, తెచ్చీ. అంతే." వాడు బుద్ధిగా తల ఊపి శ్రీకాకుళం వెళ్ళాడు. తిరిగొచ్చి పెట్టె చేతిలో పెట్టాడు. దుకాణమాయన ఏమైనా అడిగాడా అన్నాను.

"ఏటీ అడగలేదు బావా. నానే సెప్పినాను. మా బావ ఎల్లాజీ పంపించినాడు, తన పేరు సెప్పొద్దన్నాడు, బాటరీ ఉబ్బిపోనాదని కూడా సెప్పొద్దన్నాడు అని. మంచోడు. టీ తాగించినాడు."

కొత్త బాటరీ కొని, పెట్టె బిగించాక అన్నీ కుదురుకున్నాయి. అందులో పచ్చ లైటు వెలిగితే బాటరీ నిండినట్టు, ఎర్ర లైటు వెలిగితే ఎండినట్టు. చిన్నపిల్లాడికి కూడా అర్థమవుతుంది. వానలు తగ్గగానే అరకు వైపు వెళ్దామని గున్నమ్మకి మాటిచ్చాను. ఆవిడ కొత్త దుప్పటి ఒకటి కొని ట్రాలీలో పరిచింది.

రెండువేల పద్దెనిమిది అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చింది. షెల్టరుకి వెళ్ళిపోమని మైకులో చాటించారు. మేం తీరం వాళ్ళం, తుఫానులు కొత్త కాదు. నేను ట్రాలీకి తాళ్ళు కట్టి, పలకని పైకప్పు మీద గట్టిగా బిగించాను. "నేను బిగించిన నట్టు ఏ గాలికీ ఊడదు" అన్నాను. గున్నమ్మ స్పానరు నా చేతిలో పెట్టింది.

"విప్పు."

"ఒసే, తెలీకుండా మాటాడకు."

"విప్పుతావా, నన్ను ఎక్కి విప్పమంటావా?"

విప్పాను. పలకని ఆవిడ కొత్త దుప్పట్లో చుట్టి నెత్తిన పెట్టుకుంది. పెట్టెని, నా చిన్న ఇన్వర్టరుని సంచిలో వేసి, బాటరీ నా నెత్తినెక్కించింది. దారిలో ఊరంతా ఉంది. అందరూ బియ్యం, బంగారం, మేకలు, కోళ్ళు పట్టుకెళ్తున్నారు. నేను మెడ విరిగేలా బాటరీ మోసుకెళ్తున్నాను. మేకని లాక్కెళ్తున్న దాలమ్మ కూడా ఆగి చూసింది. "తుఫానుకి లైటేస్తావేటి అన్నా, సరీగ్గా కనబడాలని?" అంది. అంత భయంలోనూ జనం నవ్వారు.

ఆ గాలి గురించి చెప్పడం నాకు చేతకాదు. షెల్టరు గోడలకి వీపు ఆనించి, ఒకళ్ళ చేతులు ఒకళ్ళు పట్టుకుని కూర్చున్నాం. తెల్లారి తలుపు తీసి బయటకొస్తే, మొదట మాకు ఏ ఊళ్ళో ఉన్నామో తెలియలేదు. కొబ్బరి తోట పడుకుని ఉంది. కొన్ని చెట్లు మొదలంటా విరిగిపోయాయి, కొన్ని మొవ్వులు తిరిగిపోయి దువ్వెన పెట్టని తలల్లా ఉన్నాయి. ఇళ్ళ కప్పులు లేవు. స్తంభాలు వైర్లతో సహా రోడ్డు మీద ఉన్నాయి. దాలమ్మ ఇంటి చోట దడి మాత్రం మిగిలింది. నా ట్రాలీ తాళ్ళు తెంపుకుని, రెండు పెరళ్ళు దాటి, పక్కకి ఒరిగి పడుకుని ఉంది.

పలక పెట్టుకోవడానికి ఇంక ఎక్కడికీ మోసుకెళ్ళక్కర్లేదు. ఎక్కడ నిలబడ్డా నెత్తిన ఎండే. ఆ పెరట్లో నీడని నేను ఎన్ని తిట్లు తిట్టానో! ఇప్పుడు నుయ్యి దగ్గర నిలబడితే ఒంటి మీద ఒక్క మట్ట నీడ పడలేదు. మొదట నాకు ఏడుపు కూడా రాలేదు. అలా ఎండలో నిలబడిపోయాను. గున్నమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని షెల్టరుకి తీసుకెళ్ళింది.

కరెంటు ఇప్పట్లో రాదన్నారు. సెల్ టవరు కొన్నాళ్ళకి బాగైంది. షెల్టరు డాబా మీద పడమటి మూల నిలబడితే సిగ్నలు దొరికేది. సిగ్నలు ఉంది గాని ఒక్క ఫోనులోనూ ప్రాణం లేదు. వేరావల్‌లో, చెన్నైలో ఉన్న పిల్లలు ఇక్కడ ఎవరు బతికారో తెలియక అల్లాడుతుంటారు.

సోములు, నేను పలకని డాబా మీదకెక్కించాం. బాటరీ, పెట్టె, ఇన్వర్టరు అన్నీ కలిపాను. పచ్చ లైటు వెలిగింది. కింద నుంచి అరుపులు. నా జీవితంలో జనం నా కోసం అరవడం అదే మొదటిసారి. నాకు తలకెక్కేసింది. సూర్యుడు అంటే ఏమిటి, పలక అంటే ఏమిటి, కంట్రోలరు లేకపోతే ఎంత ప్రమాదం అని ఉపన్యాసం మొదలెట్టాను. ఇంతలో ఎవరో అన్నారు, "టీవీ పెట్టు ఎల్లాజీ, మన ఊరు సూపిస్తారేమో" అని. ట్రాలీలో దెబ్బతినకుండా మిగిలిన వస్తువు ఆ టీవీ ఒక్కటే. తెచ్చి పెట్టాను. డిష్ గొడుగు గాలికి ఎటు పోయిందో తెలీదు. దాని బదులు అన్నం గుండిగ మూత తగిలించాను. తెర మీద చుక్కలు తప్ప ఏమీ రాలేదు. "ఇటు తిప్పు", "కాదు అటు తిప్పు" అని సలహాలు. నేను మూత తిప్పుతూనే ఉన్నాను. ఊరంతా కూర్చుని ఆ చుక్కలనే చూసింది. ఒకతనైతే, "అదిగో, అది మన దిబ్బే!" అన్నాడు.

ఎర్ర లైటు వెలిగింది. చార్జింగు పెట్టిన ఫోన్లు సగంలో ఆగిపోయాయి. మర్నాడు మబ్బు పట్టింది.

నేను ఎవరి ముఖమూ చూడలేక కింద నీళ్ళ ట్యాంకు వెనకాల కూర్చున్నాను. ఎండ మళ్ళీ వచ్చాక పైకి వెళ్ళి చూస్తే, బాటరీ ముందు గున్నమ్మ బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. టీవీ ఆవిడ చీర మూట కింద ఉంది.

"బయట పిల్లలున్నోళ్ళ ఫోన్లు ముందు. మాటాడేసినోలు ఇంకోలికి ఇచ్చీయండి. ఫోటోలు సూసినోలి ఫోను పీకేస్తాను" అని చెబుతోంది. నన్ను చూసి, "నువ్వు పలక తుడువు. మబ్బేస్తే సెప్పు. ఇంకేటీ సెయ్యకు" అంది.

తుడిచాను. ఇంతవరకూ నేను చేసిన పనుల్లో ఎవరికీ నష్టం రానిది అదొక్కటే.

దాలమ్మది మీటల ఫోను. కాస్త ప్రాణం రాగానే గున్నమ్మే నంబరు నొక్కి ఆవిడ చెవి దగ్గర పెట్టింది. ఆవిడకి చెవులు సరిగా వినబడవు, స్పీకరు పెట్టారు. డాబా మీద అందరికీ వినబడింది.

"అమ్మా?" అన్నాడు త్రినాథు.

"ఒరే, అన్నం తిన్నావేట్రా?"

అటు నుంచి ఏడుపు.

"ఏటికి ఏడుస్తావు? ఎవుడు సెప్పాడ్రా నాను సచ్చిపోనానని? ఇల్లు పోనాది. మేకున్నాది. నాను ఉన్నాను. నువ్వు బోటు మీద ఉన్నావా, ఒడ్డునున్నావా?"

"ఒడ్డునే ఉన్నానమ్మా. బయల్దేరి వచ్చేస్తన్నాను."

"రాకు. వచ్చి ఏటి సేస్తావు? ఇక్కడ తినడానికే లేదు. అక్కడే ఉండి డబ్బులు పంపు. సరే, పెట్టేస్తన్నాను. ఇంకోలు మాటాడాలి."

ఫోను గున్నమ్మకి ఇచ్చేసి, మెట్ల దాకా నిటారుగా నడిచి, అక్కడ కూలబడి కొంగులో ముఖం పెట్టుకుంది. నేను పలక తుడుస్తూ ఉన్నాను. అప్పటికే అది అద్దంలా ఉంది.

కరెంటు వచ్చేదాకా అలాగే నడిచింది. వచ్చాక ఎవరి గొడవల్లో వాళ్ళు పడ్డారు. కప్పులు వేసుకోవాలి, వలలు వెతుక్కోవాలి, పడిపోయిన చెట్లని కోయించాలి. ఒక ఉదయం మాత్రం వేటగాళ్ళంతా మోకులు పట్టుకుని వచ్చారు. తెప్పని ఒడ్డుకి లాగేటప్పుడు పాడే పాట పాడుతూ నా ట్రాలీని లాగి నిలబెట్టారు. ఒకపక్క సొట్ట పడింది. తలుపు సగమే మూసుకుంటుంది. నేను కూడా మోకు పట్టుకున్నాను. పట్టుకుని జారి పడ్డాను. పాట ఆపి మరీ నవ్వారు.

చలికాలంలో గున్నమ్మని ఎక్కించుకుని అరకు వైపు బయల్దేరాను. ఈ దారిలో బస్సు ఎన్నిసార్లు తోలానో లెక్కే లేదు. గజపతినగరంలో మాత్రం ఎప్పుడూ ఆగలేదు. గున్నమ్మ ఆపమంది. ఆ రోజు సంత. రోడ్డు పక్క ఎండలో ట్రాలీ పెట్టి, స్టవ్వు వెలిగించింది. తలుపు మూసుకోదు కదా, సంతకొచ్చిన ఆడవాళ్ళు ఒక్కొక్కళ్ళే తొంగిచూశారు.

"ఏటమ్ముతన్నారమ్మా?"

"ఏటీ అమ్మట్లేదు. ఊళ్ళు సూస్తన్నాం."

వాళ్ళు నమ్మలేదు. టిఫిను బండేనని, ఇంకా తయారవలేదేమోనని అక్కడే గంపలు దించి కూర్చున్నారు. గున్నమ్మ ఏం చేస్తుంది? ఉప్మా చేసి అందరికీ పెట్టింది. ఫ్యాను వాళ్ళ వైపు తిప్పింది. వంకాయ విత్తనాలు, కోడళ్ళు, మోకాళ్ళ నొప్పులు, తుఫాను, అన్నీ అయ్యాయి. బొర్రా గుహలు మూసేస్తారని నేను బయట నుంచి హారను కొట్టాను. ఎవరూ లేవలేదు.

పొద్దు వాలాక గున్నమ్మ వచ్చి జీపులో నా పక్కన కూర్చుంది. చేతిలో ఎవరో ఇచ్చిన చిక్కుడుకాయలున్నాయి.

"రేపు పక్కూళ్ళో ఇంకో సంత ఉన్నాదట మావా" అంది.

"మరి గుహలు?"

"గుహలెక్కడికి పోతాయి?"

జీపు అటు తిప్పాను.